నలభై పేజీలు చదివి ఇచ్చిన నవల

కార్తీకమాసం రెండో గురువారం మధ్యాహ్నం సరిగ్గా రెండూ పదికి, మా ఇంటి వెనక పూతరేకుల పాకలో కూర్చుని నూట యాభై ఏడో పేజీ చదువుతూ ఆగిపోయాను. టైము అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, గుండె దడగా ఉన్నప్పుడు నేను గడియారం వైపు చూస్తాను. చిన్నప్పటి అలవాటేం కాదు. గడియారం చూడటం నాకు యాభై దాటాకే వచ్చింది, అక్షరాలతో పాటు.

"ఆపేశావేంటక్కా?" అంది మా తోడికోడలు, పిండినీళ్ళలో గుడ్డ ముంచుతూ.

"కథలో ఆవిడ వాళ్ళాయన్ని హోమ్‌లో చేర్పించేసింది."

"ఎవర్ని? తాళాలు బియ్యం డబ్బాలో పెట్టినాయన్నా?"

"ఆయన్నే."

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. పిండినీళ్ళు కారి పొయ్యి ముందు మట్టి తడిసింది. "టీచరుగారికి ఇచ్చింది ఈ పుస్తకమే కదా?" అంది.

"ఈ పుస్తకమే. రెండో కాపీ."

"నువ్వు చదివే ఇచ్చావన్నావు."

"చదివాను. నలభై పేజీలు."

మా తోడికోడలు గుడ్డ పక్కన పెట్టేసింది. ఆవిడ రేకు మధ్యలో ఆపిందంటే విషయం పెద్దదని అర్థం.

ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. నాకు డెబ్భై ఏళ్ళు. యాభై రెండో ఏట దాకా నాకు చదవడం రాదు. పూతరేకుల పెట్టెల మీద ఏం అచ్చేశారో తెలియకుండానే ముప్ఫై ఏళ్ళు ఆ పెట్టెలు నింపాను. మా ఊళ్ళో సాయంత్రం బడి పెట్టి నాలాంటి వాళ్ళకి అక్షరాలు నేర్పిన టీచరుగారు అప్పుడు మా హైస్కూల్లో పనిచేసేవారు. పలక తీసుకుని వెళ్ళిన మొదటి రోజునే, "నాకు పాటలూ పద్యాలూ వద్దండి, కథలు చదవడం వస్తే చాలు" అని చెప్పేశాను. "సరే, కథల దాకా తీసుకెళ్తాను" అన్నారు. తీసుకెళ్ళారు. రెండేళ్ళు పట్టింది.

ఆలస్యంగా నేర్చుకున్న చదువుకి ఒక లోపం ఉంది. మనసులో చదవడం నాకు ఇప్పటికీ రాదు. పెదాలు కదలాలి, గొంతు వినపడాలి. గ్రంథాలయంలో పక్కవాళ్ళు విసుక్కునేవారు. అందుకని పుస్తకం పాకలోకి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. అక్కడ మా తోడికోడలూ పక్కింటావిడా పొద్దున్నించి రేకులు తీస్తూంటారు. నా కీళ్ళు ఆ పని మానేశాయి గనక నేను పొయ్యిలోకి ఎండు కొబ్బరాకు ఎగదోస్తూ చదువుతాను. వాళ్ళు వింటారు.

పూతరేకు తీయడం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి ఒక్క మాట. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద పరిచి లాగితే రేకు నిలుస్తుంది, వెంటనే ఎత్తెయ్యాలి. ఒక్క క్షణం పరధ్యానంగా ఉన్నా రేకు ఎర్రబడిపోతుంది, పనికిరాదు. ముప్ఫై ఏళ్ళ చేయి తిరిగిన మనిషికి రేకు ఎర్రబడిందంటే ఆవిడ మనసు కుండ దగ్గర లేదన్నమాట. పుస్తకంలో ఉందన్నమాట.

అలా పుట్టింది నా కొలత. మొదటి నలభై పేజీల్లో ఒక్క రేకూ ఎర్రబడకపోతే ఆ నవల ఎవరికీ చెప్పను. ఒకటి ఎర్రబడితే చదవచ్చంటాను. రెండు ఎర్రబడితే చదవమంటాను.

ఈ కొలత సంగతి ఎలాగో మా లైబ్రేరియన్ గారి చెవిన పడింది. గ్రంథాలయం తలుపు పక్కన కొత్త నవలలు పెట్టే బల్ల ఒకటి ఉంది. ఎడమ పక్కన ఇప్పటి కాలం కథలు, కుడి పక్కన చారిత్రకాలు. "పాఠకులు ఏది తీసుకోవాలని అడిగితే నేను అన్నీ బాగుంటాయంటానండి, ఉద్యోగం కదా. మీరైతే నిజం చెబుతారు. బుధవారం బుధవారం వచ్చి కూర్చోండి" అన్నారు. మూడేళ్ళ నుంచీ కూర్చుంటున్నాను. నేను చెప్పిందే వేదమని కాదు గానీ, నేను వద్దన్న పుస్తకం తీసుకెళ్ళి చదివి, మళ్ళీ బుధవారం వచ్చి "మీరు చెప్పింది నిజమేనండి" అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

చారిత్రక నవల చేతికొస్తే నేను ముందు వంటిల్లు వెతుకుతాను. నాలుగు వందల పేజీల్లో రాజుగారు పదిసార్లు భోజనానికి కూర్చుంటారు, వండినవాళ్ళు ఒక్కసారీ కనపడరు. అలాంటి పుస్తకం రాసినాయన ఎంత చదువుకున్నా నాకు నమ్మకం కుదరదు. ఈమధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల మీద ఒక కొత్త నవల వచ్చింది. అందులో మొదటి అధ్యాయంలోనే రాయి మోసే ఆడమనిషి మధ్యాహ్నం చద్దిమూట విప్పి, పక్కనున్న పిల్లకి ముందు పెట్టి, మిగిలింది తను తింటుంది. అక్కడ మా పక్కింటావిడ రేకు ఎర్రబడింది. ఆ నవల చివరిదాకా చదివాను. నెల పట్టింది. అందరికీ చెప్పాను.

కాలవ లాకుల దగ్గర తలుపులు తీసి మూసే లస్కరుగా చేసి రిటైరైనాయన ఒకరు దాన్ని తీసుకెళ్ళి, తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టి, "లాకు తలుపులు దిగువకి తెరిచినట్టు రాశారండి. అలా తెరిస్తే నీళ్ళ తోపుకి తలుపు నిలవదండి" అన్నారు.

"మిగతాది ఎలా ఉందండి?"

"మిగతాదానికేమండి. రెండోసారి కూడా చదివాను. రెండోసారి కూడా దిగువకే తెరిచారు."

ఇప్పటి కాలం నవలలతో వేరే చిక్కు. వాటిల్లో మనుషులు మన వీధిలో ఉండేవాళ్ళే గనక, అబద్ధం రాస్తే వెంటనే దొరికిపోతారు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోకుండా ఫోన్ తీసే మనిషిని రాస్తే నమ్ముతాను. తండ్రీ కొడుకూ, పాలవాడూ కలెక్టరూ ఒకేలా మాట్లాడితే పక్కన పెట్టేస్తాను. నేను చెప్పే సమకాలీనాలు ఏడాదికి నాలుగు మించవు.

ఆ నాలుగింటిలో ఒకటే ఇప్పుడు చెప్పేది. కాకినాడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన దంపతుల కథ. మెషిన్లన్నీ మూలపడ్డాక ఇద్దరూ ఇంట్లో కూర్చుని ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూంటారు. పన్నెండో పేజీలో ఆయన ఇంటి తాళాలు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెడతాడు. ఆవిడ ఇల్లంతా వెతికి, వంటకి బియ్యం కొలుస్తూ సోలలో తాళాలు పడితే, "ఇవాళ ఇవి ఉడకబెట్టమంటారా?" అంటుంది. పాకలో ముగ్గురం పడీపడీ నవ్వాం. మూడు రేకులు ఎర్రబడ్డాయి. నా కొలత పుట్టాక మూడు ఎర్రబడటం అదే మొదలు.

సరిగ్గా ఆ వారమే, అంటే నేను మొదట చెప్పిన గురువారానికి ఎనిమిది రోజుల ముందు, బుధవారం నాడు, టీచరుగారు మా ఊరొచ్చారు. ఆవిడ రిటైరయ్యాక ధవళేశ్వరంలో ఉంటున్నారు. ఎవరింట్లోనో శుభకార్యానికి పూతరేకులు కావాలని వచ్చి, నేను గ్రంథాలయంలో ఉన్నానని తెలిసి లోపలికి వచ్చారు. బల్ల ముందు నిలబడి కొత్త పుస్తకాలు చేత్తో తడిమారు.

"నాకేం చదవమంటావ్?" అన్నారు.

ఆ ప్రశ్న నాలుగేళ్ళ తర్వాత వచ్చింది. భర్త పోయిన తర్వాత టీచరుగారు పుస్తకం తెరవలేదు. అది నాకు తెలుసు. ఎందుకు తెరవలేదో కూడా నాకు తెలుసనుకునేదాన్ని. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన లెక్కల మాస్టారు. చివర్లో మతిమరుపు జబ్బు వచ్చి మనుషుల్ని గుర్తుపట్టలేకపోయారు. ఇంట్లోంచి వెళ్ళిపోయేవారు. ఒకసారి కాలవ గట్టు మీద దొరికారు, ఒకసారి కోరుకొండ వెళ్ళే బస్సులో. ఆఖరి మూడు నెలలూ టీచరుగారు ఆయన్ని రాజమండ్రిలో అలాంటి జబ్బున్నవాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో ఉంచారు. అక్కడే పోయారు. పదో రోజు భోజనాల్లో, పదిమంది వింటూండగా, విస్తరి ముందు కూర్చుని నేనన్నాను: "అంతమందికి చదువు చెప్పారు, కట్టుకున్న మనిషిని అక్కడ వదిలేసి ఎలా రాగలిగారండి?"

టీచరుగారు నా విస్తట్లో పెరుగు వేసి ముందుకు వెళ్ళిపోయారు.

నా నోరు మంచిది కాదని నాకు చిన్నప్పుడే చెప్పారు. దాన్ని నేను గొప్పగా చెప్పుకున్నాను కూడా, ఉన్నమాట అంటానని. ఆ రోజు అన్నది ఉన్నమాట కాదు, తెలియని మాట. అది నాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత ఎన్నోసార్లు టీచరుగారిని చూశాను. ఎప్పట్లాగే పలకరించారు. నేనూ ఎప్పట్లాగే మాట్లాడాను. ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది.

అలాంటి మనిషి వచ్చి ఏం చదవమంటావని అడిగారు. చేతికి దగ్గరలో ఆనకట్ట నవల ఉంది. చివరి అక్షరం దాకా నేను చదివిన పుస్తకం. అది ఇచ్చి ఊరుకుంటే ఏ గొడవా లేదు. కానీ నాకు అక్షరాలు నేర్పిన మనిషికి బాగా కొత్తది, మూడు రేకులు ఎర్రబడ్డది ఇవ్వాలనిపించింది. గొప్ప కోసమే, ఇంకేం కాదు.

"ఇది తీసుకెళ్ళండి. నవ్వుకుంటారు" అన్నాను.

"నువ్వు చదివావా?"

"చదివానండి."

"రేపటి నుంచి మొదలుపెడతాను. రోజుకి ఇరవై పేజీలు, నీలాగే. సాయంత్రం కాఫీ తాగాక" అని పుస్తకం సంచిలో పెట్టుకున్నారు.

అందుకే ఆ గురువారం పాకలో నా లెక్క వేళ్ళ మీద ఇట్టే తేలిపోయింది. ఏడు రోజులకి నూట నలభై. ఇవాళ కాఫీ తర్వాత నూట నలభై ఒకటి నుంచి నూట అరవై దాకా. నూట యాభై ఏడు అందులోనే ఉంది. ఆ పేజీలో భర్తని హోమ్‌లో వదిలి బయటికి వచ్చిన ఆవిడతో ఆటోస్టాండు దగ్గర ఎవరో తెలిసినావిడ అంటుంది: "ఎలా వదిలి రాగలిగారండీ?" ఇంచుమించు నా మాటే. నా నోట్లోంచి తీసుకెళ్ళి అచ్చేసినట్టుంది.

టీచరుగారు అది చదివితే ఏమనుకుంటారు? పదిమందిలో అన్నది చాలక, నాలుగేళ్ళు ఆగి, వెతికి, పుస్తకం రూపంలో మళ్ళీ అంటించానని అనుకుంటారు. 'నవ్వుకుంటారు' అని చెప్పి మరీ.

"ఫోన్ చెయ్యక్కా" అంది మా తోడికోడలు.

"చేసి ఏమని చెప్పను? ఆ పుస్తకం చదవకండి అంటే ఆవిడ టీచరు. వెంటనే తీసి చూస్తారు."

"అయితే వెళ్ళు. కాఫీ ఎన్నింటికి?"

"నాలుగింటికి."

పక్కింటావిడ అప్పటికే లేచి వీధిలోకి వెళ్ళి ఆటో ఆపేసింది. నేను ఆనకట్ట నవల కాపీ సంచిలో వేసుకున్నాను. వెళ్ళి, పొరపాటున వేరే పుస్తకం ఇచ్చానని చెప్పి, మార్చుకొచ్చేయాలని ఆలోచన. చీర మీద పిండి చుక్కలతోనే బయల్దేరాను.

ఆటో ఆయనది మా ఊరే, యాభై ఏళ్ళ మనిషి. "ఆసుపత్రికాండి?" అన్నాడు నా మొహం చూసి.

"కాదు. ధవళేశ్వరం. నాలుగింటి లోపల చేర్చాలి."

"ఆయ్, చేరుస్తానండి. ఎవరికన్నా బాగోలేదాండి?"

"బాగానే ఉన్నారు. నేను వెళ్ళేలోపు పుస్తకం చదివితే బాగోరు."

ఆయన అద్దంలో నన్ను ఒకసారి చూసి, బండి వేగం పెంచాడు. బొబ్బర్లంక దాకా కాలవ గట్టు మీద హాయిగానే సాగింది. బ్యారేజీ ఎక్కాక ఆగిపోయాం. కార్తీకమాసం గదా, అన్నవరం వెళ్ళే బస్సులు ఒకదాని వెనక ఒకటి. ఎదురుగా కొబ్బరికాయల లారీ ఒకటి మొరాయించింది. కింద గోదారి తన పని తను చేసుకుపోతోంది. నా కళ్ళు మాత్రం ఆటో ముందు భాగంలో అంటించిన చిన్న గడియారం మీద ఉన్నాయి. మూడూ ఇరవై అయిదు.

"ఏం పుస్తకమండి అది, అంత ప్రమాదమైంది?" అన్నాడు ఆయన, హారన్ మోగిస్తూనే.

చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, మొత్తం చెప్పేశాను. పెరుగు దగ్గర్నుంచీ. కదలని బండిలో కూర్చున్నప్పుడు మనిషికి నోరు ఆగదు. ఆయన అంతా విని, "పుస్తకం మార్చేస్తే ఆ మాట పోద్దాండి?" అన్నాడు.

ఈలోపు లారీ కదిలింది.

టీచరుగారి ఇల్లు చేరేసరికి నాలుగింటికి అయిదు నిమిషాలుంది. వరండాలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునున్నారు. టీచరుగారి ఆడపడుచు, అంటే పోయిన మాస్టారికి అక్కగారు. కంటి ఆపరేషన్ అయి, నెల రోజులుగా మరదలి దగ్గరే ఉంటున్నారు.

"ఎవరది? నడక చూస్తే పూతరేకులావిడలా ఉందే" అన్నారు.

"నేనేనండి. టీచరుగారు ఏరండి?"

"లోపలుంది. పుస్తకం పట్టుకుంది."

గడప దగ్గరే కూర్చుండిపోయాను. ఈలోపు టీచరుగారే బయటికి వచ్చారు. ఒక చేతిలో కాఫీ గ్లాసు, చంకలో అదే నవల. నన్నూ, నా చీర మీద పిండి చుక్కల్నీ చూశారు.

"వస్తావనుకున్నాను. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు" అన్నారు.

నేను పైకి లేవకుండానే సంచి విప్పాను. "టీచరుగారూ, మొన్న పొరపాటున వేరే పుస్తకం ఇచ్చేశానండి. మీకు ఇది ఇద్దామనుకున్నాను. ఆనకట్ట కట్టిన రోజుల కథ. అది ఇలా ఇచ్చెయ్యండి."

"పొరపాటా?"

"అవునండి."

"అది అయిపోయి ఆరు రోజులైంది. తెచ్చిన రాత్రి కాక మర్నాడు మొదలుపెడితే, రెండో రోజుకి అయిపోయింది. ఇరవై పేజీలని నీతో అన్నాను గానీ ఆగలేకపోయాను. ఇప్పుడు రెండోసారి. మా వదినకి చదివి వినిపిస్తున్నాను."

ఇంత దూరం నేను పరిగెత్తింది ఆరు రోజుల కిందట అయిపోయినదాని కోసం. కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"మొత్తం చదివారా?"

"మొత్తం. నువ్వు నవ్వుకుంటారన్నావు. పన్నెండో పేజీలో బియ్యం డబ్బాలో తాళాలు చూడగానే ఆయన జబ్బేంటో తెలిసిపోయింది నాకు. మా ఇంట్లో అయితే పప్పు డబ్బా." టీచరుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "అప్పుడే మూసేద్దామనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను, ఇది చదివి మరీ నా చేతిలో పెట్టిందంటే ఏదో ఉంది, చూద్దామని. నూట యాభై ఏడో పేజీ దాకా వచ్చాక అర్థమైంది ఎందుకిచ్చావో."

"ఏమర్థమైందండి?"

"పదో రోజున అన్న మాట ఉంది కదా. నీ నోటితో తప్పయిందని చెప్పలేక పుస్తకం పంపించావనుకున్నాను. బాగా వెతికావే అనుకున్నాను కూడా."

అవునండి, అందుకే ఇచ్చానని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను వెతికి తెచ్చినదానిగా మిగిలేదాన్ని. ఆవిడ మొహంలో అలాంటి నెమ్మది చూసి నాలుగేళ్ళయింది, దాన్ని నేనే చెడగొట్టుకోవడం దేనికి? ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం. కానీ చదివానని అబద్ధం చెప్పినందుకే ఇంత దూరం వచ్చాను.

"లేదండి. నేను చదవలేదు. నలభై పేజీలు చదివి ఇచ్చాను. తాళాల దగ్గర మేం నవ్వుకున్నాం. అది జబ్బని మాకు తెలియలేదు. హోమ్ సంగతి ఇవాళ రెండూ పదికి చదివాను. చదివి పరిగెత్తుకొచ్చాను."

టీచరుగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. ముందు నవ్వింది ఆడపడుచుగారు. నల్లకళ్ళద్దాలు ఊగేలా నవ్వారు. "మరదలా, ఆరు రోజుల్నుంచీ ఈవిడ మనసు ఎంత పెద్దదో అని నాకు పాఠం చెబుతున్నావు. ఈవిడ మనసు నలభై పేజీలే."

టీచరుగారికీ నవ్వు వచ్చింది. చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అయితే తప్పయిందని నువ్వు ఇంకా చెప్పనట్టే" అన్నారు.

"ఇప్పుడు చెబుతున్నానండి. తెలియకుండా మాటన్నాను. తప్పు నాది."

"తెలియకపోతే అడగాలి. నువ్వు అడగలేదు." ఆవిడ గొంతు బడిలో ఉన్నప్పటిలాగే ఉంది, కోపం లేదు, వదిలిపెట్టడమూ లేదు. "నేను రోజూ పొద్దున్న తొమ్మిదింటికి అక్కడికి వెళ్ళి సాయంత్రం తలుపులు వేసేదాకా ఉండేదాన్ని. మూడు నెలలు. ఒక్కరోజు మానలేదు. ఆ నవల్లో ఆవిడ మొదటివారం తర్వాత వెళ్ళదు. అదొక్కటే నాకు నచ్చలేదు అందులో. మిగతాదంతా ఎవరో మా ఇంట్లో కూర్చుని రాసినట్టే ఉంది."

ఆ సంగతి నాకు తెలియదు. మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. రోజూ ధవళేశ్వరం నుంచి రాజమండ్రి బస్సు ఎక్కి దిగే మనిషిని, ఎందుకెక్కుతున్నారని ఒక్కరం అడగలేదు.

"మీరు పుస్తకాలు మానేసింది నా మాట వల్లేనని అనుకుంటున్నానండి ఇన్నాళ్ళూ" అన్నాను.

"నీ మాటకా?" టీచరుగారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీ మాటకి ఆ పూట బాధపడ్డాను. నీ మాటకి ఎవరైనా చదవడం మానేస్తారా? అక్కడ ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. నేనెవరో తెలియకపోయినా గొంతు వింటూ పడుకునేవారు. ఆయన పోయాక పుస్తకం తెరిస్తే ఎవరికి వినిపించాలో తెలిసేది కాదు. ఇప్పుడీవిడ కళ్ళకి గంతలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు, పని దొరికింది."

నా మాటకి అంత బలం ఉందని నాలుగేళ్ళు అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు కింద ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తలమీద తట్ట దింపినట్టుంది. ఎప్పుడూ లేనిది, ఆవిడ ఇచ్చిన కాఫీలో పంచదార ఎక్కువైందని కూడా అనకుండా తాగేశాను.

"ఆ కథలో ఆడపడుచు ఒకర్తి ఉంది చూడు, అచ్చం నాలాగే నస. ఆవిడ వచ్చిన చోటల్లా ఈవిడ గొంతు పెంచి చదువుతుంది" అన్నారు ఆడపడుచుగారు నాతో.

"అలా రాసి ఉంది వదినగారూ."

"గొంతు పెంచమని కూడా రాసి ఉందా?"

ఆటో ఆయన గేటు దగ్గర్నుంచి తొంగి చూసి, "అయిందాండి అమ్మగారు? మార్చేసేరా పుస్తకం?" అన్నాడు. టీచరుగారు ఆయన్నీ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. వరండా మెట్టు మీద కూర్చుని తాగుతూ, ఆనకట్ట నవల అట్ట మీది బొమ్మ తిప్పి తిప్పి చూశాడు. "రోజూ నాలుగుసార్లు దాటతానండి దీన్ని. కట్టినోళ్ళ గురించి పుస్తకం ఉందని తెల్దండి" అన్నాడు.

"ఇది మొత్తం చదివిన పుస్తకమేనా?" అని టీచరుగారు నన్నడిగారు.

"చివరి అక్షరం దాకా చదివానండి. లాకు తలుపులు మాత్రం తప్పు దిక్కుకి తెరుచుకుంటాయట."

"అయితే ఇది ఇక్కడ పెట్టి వెళ్ళు. మా వదిన వినడం అయ్యాక ఈయన తీసుకుంటారు."

తిరిగొస్తూంటే బ్యారేజీ మీద బస్సులు లేవు. పాకలో మా తోడికోడలికి జరిగింది చెబితే, ముందు ఆవిడ అడిగింది టీచరుగారు ఏమన్నారని కాదు, రెండోసారి చదవడానికి సరిపడా బాగుందా ఆ పుస్తకం అని. బాగుందన్నాను. ఆ రోజు నేను వెళ్ళాక అయిదు రేకులు మాడ్చేశారట ఇద్దరూ, పుస్తకం లేకుండానే.

బుధవారం బల్ల దగ్గర ఇప్పటికీ కూర్చుంటున్నాను. ఎవరైనా ఏది చదవమంటారని అడిగితే, ముందు నేను ఎన్ని పేజీలు చదివానో చెబుతాను. నలభై అయితే నలభై అంటాను. మొదట్లో లైబ్రేరియన్ గారు, అలా చెబితే ఎవరూ తీసుకోరేమో అన్నారు. తీసుకుంటున్నారు. టైపు ఇన్‌స్టిట్యూట్ నవల అడిగినవాళ్ళకి ఇంకో మాట కూడా కలుపుతాను: ఇంట్లో మతిమరుపు జబ్బున్నవాళ్ళు ఉన్నారా, ఉండి వెళ్ళారా? ఉంటే పన్నెండో పేజీ దగ్గర నవ్వు రాదు, అయినా ఆపకండి. ఉన్నారని చెప్పిన నలుగురూ తీసుకెళ్ళారు. ఒకాయన తిరిగి ఇచ్చేటప్పుడు ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి, ఇంకో రెండు నిమిషాలు అక్కడే నిలబడి వెళ్ళారు. తర్వాతి బుధవారం, ఇంట్లో ఎవరికండీ అని అడిగాను. చెప్పారు.

కార్తీకమాసం రెండో గురువారం సాయంత్రం ఆ వరండాలో ఉన్నది నలుగురం. నాకు అక్షరాలు నేర్పిన టీచరుగారు. నల్లకళ్ళద్దాలతో ఆవిడ ఆడపడుచుగారు. మెట్టు మీద మా ఊరి ఆటో ఆయన. గడప దగ్గర, పిండి చుక్కల చీరలో, నేను.